ఒకే పేరుతో అమ్మే నాలుగు మొక్కలు: సీమ ఇళ్లలో సాల్వియా పెంపకం

నర్సరీకి వెళ్లి సాల్వియా కావాలని అడిగితే చేతిలో పెట్టేది దాదాపు ఎప్పుడూ ఒకటే. జానెడు ఎత్తు, చిన్న నల్ల కవరు, నడినెత్తిన కుంకుమరంగు కంకి. డిసెంబరులో తెచ్చి వాకిట్లో పెడితే ఫిబ్రవరి దాకా కన్నులపండువగా ఉంటుంది. శివరాత్రి దాటాక కింది ఆకులు ఒక్కొక్కటే రాలతాయి. ఉగాదికి పుల్లలు మిగులుతాయి. అనంతపురంలోనైనా, కర్నూలులోనైనా, కడపలోనైనా వరస ఇదే. మన ఎండకు సాల్వియా బతకదనే అభిప్రాయం ఇలాగే స్థిరపడింది.

అది సగమే నిజం. సాల్వియా అనేది ఒక మొక్క పేరు కాదు, ఒక ప్రజాతి పేరు. అందులో 900కు పైగా జాతులున్నాయి. మన తులసి, పుదీనా, తుమ్మి ఏ కుటుంబానివో ఇవీ ఆ కుటుంబానివే. లేత కాండాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి దొర్లిస్తే నాలుగు పలకలు తగులుతాయి, ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. బజారులో చియా పేరుతో అమ్మే గింజలు ఒక సాల్వియావే. రోజ్‌మేరీని కూడా 2017లో ఈ ప్రజాతిలోకే చేర్చారు. ఇంత పెద్ద ప్రజాతిలో చిత్తడి కొండల్లో పుట్టినవీ ఉన్నాయి, రాళ్ల నేలల్లో పుట్టినవీ ఉన్నాయి. మనం ఏళ్ల తరబడి కొంటున్నది వాటిలో తేమను కోరే జాతిని. దాన్ని తెచ్చి మే నెలలో 42 డిగ్రీలు దాటే ఊళ్లో, మిద్దె మీద, బోరు నీళ్లతో పెంచుతున్నాం. కాబట్టి నీళ్లు, ఎరువుల సంగతికి ముందు ఏ సాల్వియా అన్నది తేల్చుకోవాలి.

ఎర్ర కంకిది: స్ప్లెండెన్స్

నర్సరీల్లో దొరికే ఎర్ర సాల్వియా అసలు పేరు సాల్వియా స్ప్లెండెన్స్. పుట్టిల్లు బ్రెజిల్ కొండ ప్రాంతం. అక్కడ గాలిలో ఎప్పుడూ తేమ ఉంటుంది, ఎండ తీవ్రత తక్కువ. ఆకు వెడల్పుగా, పలచగా, ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. ఆ ఆకును చూస్తేనే దాని స్వభావం తెలుస్తుంది: నీటిని దాచుకోలేదు, వేడిగాలి తగిలితే దాహానికి ఆగలేదు. కంకిలో పువ్వు నాలుగైదు రోజులకే రాలిపోయినా రంగు మిగలడానికి కారణం పువ్వు అడుగున ఉండే గిన్నె, అంటే రక్షక పత్రాలు కూడా ఎర్రగానే ఉండటం.

దీన్ని శీతాకాలపు మొక్కగా ఒప్పేసుకుంటే ఏ బాధా ఉండదు. బంతిని, చామంతిని కాలం అయిపోయాక పీకేస్తాం, ఎవరూ బాధపడరు. దీన్నీ అలాగే చూడాలి. సెప్టెంబరులో నారు, అక్టోబరులో నాటు, నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా పూలు, మార్చిలో సెలవు. తెలుపు, ఊదా, లేత గులాబీ రంగుల రకాలు కూడా దొరుకుతాయి గానీ అవి ఎర్రవాటికంటే ముందే ఎండకు కమిలిపోతాయి. వాటికి మధ్యాహ్నం 12 తర్వాత నీడ పడే చోటు చూడండి.

నీలి కంకిది: ఫారినేసియా

రాయలసీమకు ఒకే ఒక సాల్వియాను ఎంచుకోమంటే సాల్వియా ఫారినేసియాకే ఓటు. అమెరికాలోని టెక్సస్, దానికి ఆనుకుని ఉన్న ఉత్తర మెక్సికో దీని సొంత ఊళ్లు. సున్నపు రాతి నేల, పొడిగాలి, మండే వేసవి దీనికి పుట్టుకతో అలవాటు. ఆకు సన్నగా, బూడిద కలిసిన ఆకుపచ్చలో ఉంటుంది. మొక్క 45 నుంచి 60 సెంటీమీటర్లు పెరిగి, నీలి కంకులను ఆకుల గుబురుకు పైన నిటారుగా నిలుపుతుంది. విక్టోరియా బ్లూ అనే రకం గింజలు సులువుగా దొరుకుతాయి. సెప్టెంబరులో విత్తనం వేస్తే ఆ చలికాలం పూస్తుంది, వేసవిలో కాస్త ముడుచుకుంటుంది, తొలకరికి మళ్లీ లేస్తుంది. రెండేళ్లు, మూడేళ్లు నిలుస్తుంది.

ఒక హెచ్చరిక. దీని కంకి కాడ మీద, పూల గిన్నెల మీద పిండి అద్దినట్టు తెల్లటి పూత ఉంటుంది. ఫారినేసియా అన్న మాటకు అర్థమే పిండితో కూడినదని. దాన్ని బూడిద తెగులనుకుని గంధకం, పిండినల్లి అనుకుని మందులు కొట్టేవాళ్లు చాలామంది. తేడా తేలిక: సహజమైన పూత కంకి అంతటా సమానంగా, సన్నటి నూగులా పరుచుకుని ఉంటుంది. పిండినల్లి కణుపుల దగ్గర, ఆకు తొడిమ మూలల్లో దూదిపింజల్లా గుంపు కడుతుంది, పుల్లతో గీకితే లోపల గులాబీరంగు పురుగు కనిపిస్తుంది. బూడిద తెగులు మచ్చలు మచ్చలుగా ఆకు పై భాగంలో మొదలవుతుంది.

తీరప్రాంతంలో గాలి తేమకు ఫారినేసియా మొదలు కుళ్లే ప్రమాదం ఎక్కువ. మన పొడిగాలి ఈ మొక్క విషయంలో వరమే.

మిగిలిన రెండు, ఇంకొన్ని

మూడోది కాక్సీనియా. స్ప్లెండెన్స్‌లాగే ఎర్రగా పూస్తుంది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. కాక్సీనియా పువ్వులు కంకి మీద దూరదూరంగా, వరసలు వరసలుగా ఉంటాయి, ఆకు చిన్నది, గిన్నె ఆకుపచ్చగానో గోధుమ వన్నెలోనో ఉంటుంది. 60 నుంచి 90 సెంటీమీటర్లు పెరుగుతుంది. వేడిని బాగా ఓర్చుకుంటుంది, తన గింజ తానే రాల్చుకుని మళ్లీ మొలుస్తుంది. ఎర్రరంగే కావాలి, వేసవి దాటాలి అనుకునేవాళ్లు స్ప్లెండెన్స్ కోసం తాపత్రయపడకుండా దీన్ని వేసుకోవడం మేలు. లేడీ ఇన్ రెడ్ అనే రకం ఈ జాతిదే.

నాలుగోది ల్యూకాంథా. మెక్సికో మొక్క. ముఖమల్ గుడ్డలా మెత్తగా ఉండే ఊదా గిన్నెలోంచి తెల్లటి పువ్వు తొంగిచూస్తుంది. మీటరు దాకా ఎదిగి అంతే వెడల్పు పరుచుకుంటుంది కాబట్టి కుండీ అయితే కనీసం 14 అంగుళాలది కావాలి. దీనితో వచ్చే పెద్ద ఫిర్యాదు, ఆకులే తప్ప పువ్వు లేదని. కారణం పగటి పొడవు. ఇది రాత్రి పొడుగైతేనే మొగ్గ తొడిగే మొక్క. అనంతపురం అక్షాంశంలో జూన్‌లో పగలు 13 గంటలకు దగ్గరగా, డిసెంబరులో 11 గంటల 15 నిమిషాలకు దగ్గరగా ఉంటుంది. సెప్టెంబరు 23 తర్వాత పగలు 12 గంటలకు తగ్గుతూ వస్తుంది, అక్టోబరులో మొగ్గ కడుతుంది, నవంబరు నుంచి పూస్తుంది. జూలైలో ఎంత ఎరువు వేసినా పువ్వు రాదు, కొమ్మలే సాగుతాయి. వీధి దీపం రాత్రంతా మొక్క మీద పడుతుంటే దానికి రాత్రి వచ్చినట్టే తెలియదు. అలాంటి కుండీని ఇంటి వెనక్కి జరపండి.

గ్రెగ్గీ, మైక్రోఫిల్లా అనేవి చిన్న ఆకుల, కర్రదేరిన కొమ్మల పొదలు. దొరికితే తప్పక ప్రయత్నించండి, నీళ్లు తక్కువ అడుగుతాయి. ఆన్‌లైన్‌లో అందమైన బొమ్మలతో అమ్మే నెమొరోసా గింజల జోలికి మాత్రం పోవద్దు. అది యూరప్ చలి మొక్క. ఇక్కడి శీతాకాలం దానికి చలికాలంలా అనిపించదు. వంటల్లో వాడే సేజ్, అంటే అఫిసినాలిస్, మధ్యధరా ప్రాంతానిది. చలికాలంలో కుండీలో పెంచవచ్చు, వానల్లో మాత్రం వేరు కుళ్లకుండా కాపాడుకోవాలి.

అసలు చిక్కు నీళ్లలో ఉంది

ఎండ మీద వేసే నింద చాలావరకు నీళ్లకు చెందాలి. బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు. ఈ పేర్లు వినగానే నాపబండలు, సిమెంటు గుర్తొస్తాయి. ఆ రెండింటికీ మూలం సున్నపురాయి. ఆ రాతిని ఒరుసుకుంటూ పాతాళంలో నిలిచిన నీటిలో కాల్షియం, బైకార్బనేట్లు కరిగి ఉంటాయి. బకెట్టు అంచున, కొళాయి మూతిన పేరుకునే తెల్లటి పొరలు అవే. ఆ నీళ్లు రోజూ పోస్తే కుండీ మట్టి నెమ్మదిగా క్షారం వైపు జరుగుతుంది. మట్టిలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. అప్పుడు కొత్తగా వచ్చే లేత ఆకులు పసుపుపచ్చగా వస్తాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలుస్తాయి. వేరుశనగ పండించే ప్రతి రైతుకూ తెలిసిన లక్షణం ఇది.

పసుపు ఎక్కడ మొదలైందో చూడకుండా మందు వేయడమే ఎక్కువగా జరిగే తప్పు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా ఉంటే ఇనుము లోపం. ముదురు ఆకు మొత్తం ఒకే తీరుగా పాలిపోతే నత్రజని చాలలేదు, లేదా వేరు నీళ్లలో నానుతోంది. ముదురు ఆకులో ఈనెల మధ్య పసుపు వస్తే మెగ్నీషియం లోపం. దీనికి లీటరుకు 2 గ్రాముల ఎప్సమ్ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే చాలు. ఆకు అంచులు ఎండి గోధుమరంగుకు తిరిగితే లవణాలు పేరుకున్నాయని అర్థం.

ఇనుము లోపానికి పొలంలో వాడే మందే ఇంట్లోనూ పనికొస్తుంది. వేరుశనగకు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి కొడతారు. సాల్వియా ఆకు అంతకంటే లేతది కాబట్టి అన్నభేది 2 గ్రాములకు తగ్గించండి, నిమ్మ ఉప్పు అర గ్రాము చాలు. సాయంత్రం 5 దాటాక ఆకు రెండు వైపులా తడపండి. వారం తేడాతో రెండుసార్లు. బండల మీద పడితే తుప్పు మరక పోదు, కింద గోనెసంచి పరిచి కొట్టండి. మట్టిలోనే ఇనుము ఇవ్వాలనుకుంటే కొనేటప్పుడు డబ్బా మీద ఈడీడీహెచ్ఏ రూపం అని ఉందో లేదో చూడండి. ఈడీటీఏ రూపంలోని ఇనుము మన క్షార మట్టిలో ఎక్కువసేపు నిలవదు, వేసిన డబ్బు వృథా.

నీటిని సరిచేయడానికి నిమ్మ ఉప్పు ఉపయోగపడుతుంది. 10 లీటర్ల బోరు నీటికి 2 గ్రాములు, అంటే దాదాపు అర చెంచా కలిపితే బైకార్బనేట్లలో కొంత భాగం విరుగుతుంది. వారానికి రెండుసార్లు ఈ నీళ్లు పోసి, మిగతా రోజుల్లో మామూలు నీళ్లు పోయవచ్చు. రాత్రంతా తొట్టిలో నిలబెడితే నీళ్లు మెత్తబడతాయన్న నమ్మకం ఉంది. నిలబెడితే క్లోరిన్ పోతుంది, సున్నం పోదు. వాన నీళ్లు దొరికినప్పుడు పట్టి పెట్టుకున్న వాళ్లకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా సాల్వియాకు చాలా మంచివి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు.

ఇంట్లోని ఆర్‌ఓ యంత్రం వదిలే వృథా నీళ్లను మాత్రం ఈ మొక్కలకు పోయకండి. నీటి కరువు తెలిసిన ఊళ్లలో ఒక్క చెంబు పారబోయాలన్నా మనసు రాదు, అది అర్థం చేసుకోదగ్గదే. కానీ మంచి నీటిని వడకట్టి పక్కకు తీశాక మిగిలినవి అవి. లవణాలన్నీ వాటిలోనే చిక్కబడి ఉంటాయి. స్ప్లెండెన్స్ లవణాలకు మరీ సున్నితం, నెల రోజుల్లో అంచులు మాడతాయి. ఆ నీళ్లను బండలు కడగడానికి వాడుకోండి.

కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర కనిపించిందంటే లవణాలు పేరుకున్నట్టే. కుండీ పరిమాణానికి రెండింతల మంచినీళ్లు నెమ్మదిగా పోసి అడుగు రంధ్రం నుంచి పోనివ్వడం దీనికి మందు. వేసవిలో అంత నీళ్లు ఎక్కడివి? కాబట్టి వానాకాలంలోనే ఆ పని కానివ్వండి. మంచి వాన పడుతున్నప్పుడు కుండీలను చూరు కిందికి లాగకుండా ఆరుబయటే ఉంచితే వానే కడిగిపెడుతుంది.

మట్టి

పెరటి మట్టి మీద రెండు చుక్కల వెనిగరు వేసి చూడండి. బుసబుసమని నురగ వస్తే సున్నం ఎక్కువ ఉంది. అలాంటి నేలలో గంధకం చల్లి ఆమ్లత్వం తేవాలనుకోవడం సముద్రంలో చక్కెర కలపడం లాంటిది. స్ప్లెండెన్స్‌ను కుండీలోనే పెంచండి. ఫారినేసియాను అయితే ధైర్యంగా నేలలో పెట్టవచ్చు.

12 అంగుళాల కుండీకి పాళ్లు ఇలా పెట్టుకోవచ్చు. ఎర్రమట్టి 4 వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు 3 వంతులు, ముతక ఇసుక 2 వంతులు, కొబ్బరి పొట్టు 1 వంతు, గుప్పెడు వేపపిండి. ల్యూకాంథాకు, గ్రెగ్గీకి ఎరువును 2 వంతులకు తగ్గించి ఇసుకను 3 చేయండి. కొబ్బరి పొట్టు ఇటుకలను రెండు మూడు సార్లు నీళ్లలో నానబెట్టి పిండి పారబోశాకే కలపాలి, వాటిలోనూ ఉప్పు ఉంటుంది. ఇసుక దొరక్క బండల పాలిషింగ్ బూడిద కలిపేవాళ్లున్నారు. అది మెత్తటి సున్నపురాతి పిండి. నీరు దిగనివ్వదు, పైగా ఉన్న సున్నానికి తోడు ఇంకా సున్నం. వద్దు.

కర్నూలు పడమటి మండలాల్లోనూ, ప్రొద్దుటూరు చుట్టుపక్కలా నల్లరేగడి. అందులో గుంట తీసి మంచి మట్టి నింపి నాటితే ఆ గుంట వానాకాలంలో తొట్టిగా మారుతుంది. చుట్టూ ఉన్న రేగడి నీటిని బయటికి పోనివ్వదు. గుంట తీయకుండా నేల మీదే 6 నుంచి 8 అంగుళాల ఎత్తు మడి కట్టి నాటండి.

నారు

సాల్వియా గింజల్లో చాలావాటికి సబ్జా గింజల్లాగే తడవగానే చుట్టూ జిగురు పొర పడుతుంది. ముందుగా నానబెడితే అవి ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి, విడిగా వేయలేరు. పొడిగానే వేయాలి. స్ప్లెండెన్స్ గింజలు గ్రాముకు 250 నుంచి 300 తూగుతాయి, ఫారినేసియావి ఇంకా చిన్నవి, గ్రాముకు 800 పైనే. ఇంటి అవసరానికి చిన్న పొట్లం చాలు.

సెప్టెంబరు మొదటి రెండు వారాలు సరైన అదను. 98 గళ్ల ప్రోట్రేలో కడిగిన కొబ్బరి పొట్టు 3 వంతులు, వర్మీకంపోస్టు 1 వంతు నింపి, గడికి రెండు గింజల చొప్పున పైన పెట్టి వేలితో నొక్కండి. గింజ మొలవడానికి వెలుతురు సాయపడుతుంది కాబట్టి మట్టి కప్పవద్దు, కావాలంటే ఉప్పు చల్లినట్టు పలచగా పొడి రాల్చండి. నీళ్లు చెంబుతో పోస్తే గింజలు కొట్టుకుపోతాయి. పళ్లెంలో నీళ్లు పోసి ట్రేను అందులో పెడితే అడుగు నుంచి పీల్చుకుంటుంది. వేడి 21 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే 8 నుంచి 14 రోజుల్లో మొలక వస్తుంది. సెప్టెంబరు పగళ్లు ఇంతకంటే వేడిగానే ఉంటాయి. అందుకే వరండాలో తూర్పు వెలుగు తగిలే చోట పెట్టాలి, మిద్దె మీద కాదు.

మొలిచిన నారు నేలమట్టానికి నొక్కుకుపోయి పడిపోతుంటే అది నారుకుళ్లు. పడిన మొక్క లేవదు. పక్కవాటిని కాపాడాలంటే తడి తగ్గించండి, గాలి ఆడనివ్వండి. నారు పోసే ముందే కిలో మిశ్రమానికి 5 గ్రాముల ట్రైకోడెర్మా (తెగుళ్లను అడ్డుకునే మేలు శిలీంధ్రం) పొడి కలిపి ఉంటే ఈ బెడద చాలా తక్కువ.

నాలుగైదు వారాలకు మూడు జతల ఆకులొస్తాయి. అప్పుడు నాటాలి. స్ప్లెండెన్స్ పొట్టి రకాలకు మొక్కకూ మొక్కకూ 20 నుంచి 25 సెంటీమీటర్లు, ఫారినేసియాకు 30, కాక్సీనియాకు 40, ల్యూకాంథాకు దాదాపు మీటరు. ఫారినేసియా, కాక్సీనియా నాలుగో జత ఆకు వేయగానే తల తుంచండి. ఒక కంకి రావలసిన చోట నాలుగు వస్తాయి, పువ్వు మాత్రం రెండు వారాలు ఆలస్యమవుతుంది. స్ప్లెండెన్స్ పొట్టి రకాలు వాటంతటవే గుబురు కడతాయి, వాటిని తుంచకండి.

కొన్న మొక్కలైతే ఇంకో మాట. ఇక్కడి నర్సరీలకు చాలా మొక్కలు బెంగళూరు వైపు నుంచో కడియం నుంచో వస్తాయి. సగం నీడలో, చల్లటి గాలిలో పెరిగినవి. తెచ్చిన రోజే మిద్దె మీద ఎండలో పెడితే ఆకు తెల్లగా కమిలిపోతుంది. మొదటి మూడు రోజులు నీడలో ఉంచి, తర్వాత వారం రోజులు ఉదయపు ఎండ మాత్రమే చూపించి, ఆపైన అసలు చోట పెట్టండి.

వాలిపోయిన మొక్కకు నీళ్లు పోయాలా?

ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు తెలియకపోవడం వల్ల చచ్చిన సాల్వియాలు, దాహంతో చచ్చినవాటికంటే ఎక్కువ. మధ్యాహ్నం 2 గంటలకు ఆకులు వాలితే గాభరా పడకండి. వేరు పైకి తోడే నీటికంటే ఆకు ఆవిరి చేసే నీరు ఎక్కువైనప్పుడు మొక్క తనను తాను కాపాడుకునే పద్ధతి అది. మట్టిలో వేలు రెండు కణుపులు దించి చూడండి. తడి తగిలితే నీళ్లు వద్దు, నీడ చాలు. పొద్దుగూకాక ఆకు లేస్తుంది. వేలికి తడి తగలకపోతే అప్పుడు పోయండి.

తెల్లవారి 6 గంటలకు కూడా ఆకు వాలి ఉండి, మట్టి తడిగా ఉంటే వేరు కుళ్లింది. మనం మధ్యాహ్నం మధ్యాహ్నం పోసిన నీళ్లే దానికి కారణం. వేడెక్కిన మట్టిలో నీరు నిలిస్తే వేరుకు ఊపిరి ఆడదు. అటువంటి మొక్కను బతికించడం కష్టం. పైన పచ్చగా ఉన్న కొమ్మలుంటే కోసి అంటు వేసుకోండి. పువ్వు లేని కొమ్మ చివర 10 సెంటీమీటర్లు కత్తిరించి, కింది ఆకులు తీసేసి, ముతక ఇసుక, కొబ్బరి పొట్టు సమానంగా కలిపిన కప్పులో గుచ్చి, పైన పారదర్శక కవరు కప్పి నీడలో పెడితే రెండు మూడు వారాల్లో వేరు వస్తుంది. ఫారినేసియాకూ ల్యూకాంథాకూ ఇది నమ్మకంగా పనిచేస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా, మళ్లీ జనవరిలో, ఇవి అంటుకు మంచి రోజులు.

మొదలు దగ్గర తెల్లటి దారాలు, వాటి మీద ఆవగింజల్లాంటి గోధుమ గుండ్లు కనిపిస్తే అది వేరే రోగం, వేరుశనగ చేలలో కాండం కుళ్లును తెచ్చే శిలీంధ్రమే. ఇది మన ఇళ్లలోకి వచ్చే దారి చాలాసార్లు మల్చింగ్ కోసం, అంటే మట్టి మీద కప్పుగా పరచడానికి తెచ్చిన చెనిక్కాయ పొట్టే. కర్నూలు వైపు బుడ్డల పొట్టు అంటారు. మల్చింగ్‌కు నిజంగా మంచి వస్తువు, రెండు అంగుళాల మందాన పరిస్తే నీటి ఖర్చు బాగా తగ్గుతుంది. కాకపోతే పచ్చి పొట్టు వేయకండి. వేసవి ఎండలో పలచగా పరిచి బాగా ఎండబెట్టి, ట్రైకోడెర్మా చల్లి, కాండానికి రెండు అంగుళాల ఎడం వదిలి పరవండి. రోగం పట్టిన మొక్కను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి పారేయాలి, కంపోస్టు గుంతలో వేయకూడదు.

తిండి, పురుగు, కత్తెర

సాల్వియా తిండిపోతు మొక్క కాదు. యూరియా వేస్తే ఆకు ఏపుగా పెరిగి, కాడ మెత్తబడి, కంకి తగ్గుతుంది. స్ప్లెండెన్స్‌కు 15 రోజులకోసారి లీటరుకు 2 గ్రాముల 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న ఎరువు), ఫారినేసియాకు నెలకోసారి అంతే. మట్టి తడిగా ఉన్నప్పుడే ఇవ్వాలి.

ఫిబ్రవరి నుంచి ఎర్రనల్లి వస్తుంది. ఆకు మీద సూదితో పొడిచినట్టు తెల్ల చుక్కలు, అడుగున సన్నటి గూడు దానికి గుర్తు. తొలిదశలో ఆకు అడుగుకు నీళ్లు జోరుగా కొట్టడమే గొప్ప మందు, మూడు రోజులకోసారి మూడుసార్లు. తెల్లదోమకు, పేనుబంకకు 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. తేనెటీగలు గూటికి వెళ్లాకే కొట్టాలి. ఫారినేసియా మీదకు అవి రోజంతా వస్తాయి. ఈ పువ్వులో కేసరాలు తక్కెడ కోలలా ఉంటాయి. తేనె కోసం ఈగ తల దూర్చగానే ఆ కోల వంగి వీపు మీద పుప్పొడి రాస్తుంది. జర్మనీకి చెందిన స్ప్రెంగెల్ 1793లోనే దీన్ని వర్ణించాడు. ఎర్రటి, సన్నని గొట్టం పువ్వులు మాత్రం పిట్టల కోసం తయారైనవి. అమెరికాలో హమ్మింగ్‌బర్డ్‌లు వాలే ఆ పువ్వుల దగ్గరికి మన ఇళ్లలో తేనెపిట్టలు వస్తాయి.

కంకిలో ముప్పాతిక వంతు పూలు వాడాక, కింద ఉన్న తర్వాతి ఆకుల జత పైన కత్తిరించండి. అక్కడి నుంచే రెండు కొత్త కంకులు లేస్తాయి. ఫారినేసియాను ఫిబ్రవరిలో మూడో వంతు, తొలకరి పడ్డాక సగం కత్తిరించాలి. ఏప్రిల్, మే నెలల్లో కత్తెర ముట్టుకోవద్దు. ముదురు కొమ్మలు ఎండకు బయటపడి కాలిపోతాయి. ల్యూకాంథాకు పూలు పూర్తయ్యాక ఫిబ్రవరి చివర గట్టిగా, నేల నుంచి జానెడు ఎత్తుకు. ఆగస్టు తర్వాత దాన్ని కోస్తే ఆ ఏడాది పూలు కోసినట్టే. అనంతపురం వైపు ఆషాఢ గాలులకు దాని కొమ్మలు మొదలు దగ్గర పెళుక్కున విరుగుతాయి, జూన్‌లోనే మూడు కర్రలు పాతి తాడు చుట్టండి.

వేసవిలో కుండీలను మిద్దె మీది నాపబండలకు ఆనించి ఉంచకండి. బండ వేడి అడుగు నుంచి వేరును ఉడకబెడుతుంది. రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టి, పడమటి గోడకు దూరంగా జరిపి, 50 శాతం షేడ్‌నెట్ కట్టండి. తెల్లవారుజామున ఒకసారి నీళ్లు. రోహిణి కార్తె దాటించగలిగితే మిగతా ఏడాదంతా సులువే.

కాక్సీనియా గింజలు దాచుకోవడానికి కంకి గిన్నెలు గోధుమరంగుకు తిరగ్గానే కాగితపు సంచిలో దులపండి. ఒక్కో గిన్నెలో నాలుగు గింజలుంటాయి. హైబ్రిడ్ పొట్లం నుంచి వచ్చిన మొక్కలయితే పిల్లలు తల్లిలా రావు, రంగు మారవచ్చు. దులపకుండా వదిలేసిన గింజలు మృగశిర వానకు కుండీ చుట్టూ, బండల సందుల్లో గుంపులుగా మొలుస్తాయి. రెండు జతల ఆకులున్నప్పుడే, మబ్బు పట్టిన సాయంత్రం చూసి, వేరు మట్టితో సహా చెంచాతో ఎత్తి వేరే చోట నాటి, నాలుగు రోజులు గంపనీడ పెట్టండి. అంతకంటే ముదిరిన మొలకలు మార్పుకు తట్టుకోవు.